సాగే కథా, ఏ ఎపిసోడ్‌కి ఆ ఎపిసోడా: ఏది మేలు?

సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఇష్టపడేవాళ్ల మధ్య, కథ సీజన్ల తరబడి సాగాలా, ఏ ఎపిసోడ్‌కి ఆ ఎపిసోడ్ ముగియాలా అనే వాదన ఎప్పుడూ ఉండేదే. నన్నడిగితే కథ ఏ ఎపిసోడ్‌లో మొదలైతే ఆ ఎపిసోడ్‌లోనే ముగియాలి. దాని గుర్తు మాత్రం మనుషుల మీద మిగిలిపోవాలి.

సాగే కథ బలం 'బాబిలాన్ 5' అనే అంతరిక్ష సీరియల్‌లో చూడాలి. ఐదేళ్ల కథ ముందే అనుకుని మొదలుపెట్టారు. 110 ఎపిసోడ్‌లలో 92 ఆ సీరియల్ సృష్టికర్త స్ట్రాజిన్‌స్కీ ఒక్కరే రాశారు. ఎప్పుడో మామూలుగా విన్న మాట రెండు సీజన్ల తర్వాత మళ్లీ తగిలితే ఒళ్లు జలదరిస్తుంది. రిస్కూ అక్కడే. ఐదో సీజన్ ఉంటుందో లేదో తెలియక నాలుగోదాంట్లోనే యుద్ధాలన్నీ హడావుడిగా ముగించారు. తీరా ఐదోది వచ్చేసరికి సరుకు తగ్గిపోయింది. ఇక మధ్యలో చూడటం మొదలుపెట్టినవాళ్లకి తలాతోకా తెలియదు.

విడి ఎపిసోడ్ అంటే నాకు గుర్తొచ్చేది 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'లో 1992 నాటి 'ది ఇన్నర్ లైట్'. అంతరిక్ష నౌక కెప్టెన్ పికార్డ్ 25 నిమిషాలు స్పృహ తప్పుతాడు. ఆ కాసేపట్లోనే ఎప్పుడో అంతరించిన ఒక గ్రహం మీద పెళ్లి, పిల్లలు, మనవడు, ముసలితనం, అన్నీ అనుభవిస్తాడు. మెలకువ వచ్చాక చేతికి ఒక పెట్టె ఇస్తారు. అందులో చిన్న పిల్లనగ్రోవి. దాన్ని గుండెకి హత్తుకుని, ఒంటరిగా నిలబడి, అక్కడ నేర్చుకున్న పాట ఊదుతాడు. ఈ ఒక్క ఎపిసోడ్ చూడటానికి ముందు కథేమీ తెలియక్కర్లేదు.

కానీ ఒక జీవితమంతా బతికొచ్చిన మనిషి మరుసటి ఎపిసోడ్‌లో ఏమీ జరగనట్టు డ్యూటీ ఎక్కేస్తే మనసు ఒప్పుకోదు. తర్వాతి సీజన్‌లో 'లెసన్స్' అనే ఎపిసోడ్‌లో ఆ పిల్లనగ్రోవి మళ్లీ బయటికొచ్చినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు చాలా సీరియల్స్ ఎనిమిది, పది ఎపిసోడ్‌లని ఒకే పొడవాటి సినిమాలా సాగదీస్తున్నాయి. ఐదోదాంట్లో ఏం జరిగింది, ఆరోదాంట్లో ఏం జరిగింది అంటే చెప్పలేం. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

రెండూ కుదిరిన చోటు కూడా ఉంది. 2004లో వచ్చిన 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' మొదటి ఎపిసోడ్ పేరు '33'. దాడిలో మిగిలిన మనుషులు ఓడల్లో అంతరిక్షంలో పారిపోతుంటారు. ప్రతి 33 నిమిషాలకీ శత్రువులు వచ్చిపడుతుంటారు, ఐదు రోజులుగా ఎవరికీ నిద్ర లేదు. ఆ గండం అందులోనే గడుస్తుంది. అధ్యక్షురాలి దగ్గర తెల్లబోర్డు మీద బతికున్నవాళ్ల లెక్క రాసి ఉంటుంది. ఎపిసోడంతా తగ్గుతూ వచ్చిన ఆ అంకెని చివర్లో తుడిచి, ఒకటి పెంచి రాస్తుంది. ఒక ఓడలో బిడ్డ పుట్టాడు.