మత్తయి వంశావళి, లూకా వంశావళి: యేసు రాజరికం అర్థం కావాలంటే ఏది మేలు?

క్రిస్మస్ రోజుల్లో మత్తయి మొదటి అధ్యాయం తీస్తే మా ఇంట్లో 18వ వచనం నుంచే చదివేవాళ్లం. పైనున్న 17 వచనాలూ ఉత్త పేర్లే కదా అని. లూకా 3లోనూ అంతే, యేసు బాప్తిస్మం అయిపోగానే నేరుగా అరణ్యంలో శోధనకు వెళ్లిపోయేవాళ్లం. ఇప్పుడు నాకు ఆ రెండు పట్టీలంటే ప్రాణం. యేసు దావీదు సింహాసనానికి వారసుడు అనే మాట అర్థం చేసుకోవాలంటే ముందు ఏది చదవాలని ఎవరైనా అడిగితే, మత్తయినే చదవమంటాను.

మత్తయి అబ్రాహాముతో మొదలుపెట్టి కిందికి వస్తాడు. లూకా యేసుతో మొదలుపెట్టి 70కి పైగా పేర్ల మీదుగా ఆదాము దాకా, దేవుని దాకా ఎక్కుతాడు. దావీదు దగ్గర దారి చీలుతుంది. మత్తయిది సొలొమోను శాఖ, యెరూషలేములో నిజంగా ఏలిన రాజుల వరుస. లూకాది దావీదు మరో కొడుకు నాతాను శాఖ, వాళ్లెవరూ గద్దె ఎక్కలేదు. యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ.

ఈ తేడా చూసి టెన్షన్ పడేవాళ్లకు తరచుగా వినిపించే జవాబు ఒకటుంది: లూకాది మరియ వంశం, హేలీ యోసేపుకు మామ. కానీ లూకా పట్టీలో మరియ పేరే లేదు. పైగా 1:27లోనూ 2:4లోనూ దావీదు వంశాన్ని లూకా యోసేపుకే చెబుతాడు. 3వ శతాబ్దపు క్రైస్తవ రచయిత జూలియస్ ఆఫ్రికానస్ ఇంకోలా వివరించాడు. యాకోబు, హేలీ ఒకే తల్లి బిడ్డలు, తండ్రులు వేరు. హేలీ పిల్లలు లేకుండా చనిపోతే, మోషే ధర్మశాస్త్రం ప్రకారం యాకోబు ఆ వదినెనో మరదలినో చేసుకొని యోసేపును కన్నాడు. అంటే కన్న తండ్రి ఒకరు, ధర్మశాస్త్రం లెక్కలో తండ్రి ఇంకొకరు. నాకు ఇదే నయమనిపిస్తుంది. అయినా ఈ రెండిట్లో దేనిమీదా మన విశ్వాసం ఆధారపడి లేదు.

మత్తయి పట్టీలో నన్ను కట్టిపడేసేది దాని నిజాయితీ. మామ యూదావల్ల పిల్లల్ని కన్న తామారు, యెరికో వేశ్య రాహాబు, మోయాబీయురాలు రూతు అందులో ఉన్నారు. బత్షెబను పేరుతో కాకుండా 'ఊరియా భార్య' అనే చెబుతాడు, పరాయివాని భార్యను తీసుకున్న దావీదు పాపం మరుగున పడకుండా. కన్నకొడుకును అగ్నిగుండం దాటించిన మనష్షే కూడా ఉన్నాడు. ఏ రాజవంశమైనా దాచుకునే సంగతులివి.

తర్వాత యూదా రాజు యెకొన్యా. 18 ఏళ్లకు రాజై మూడు నెలలే ఏలాడు. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు అతన్ని బబులోనుకు చెరపట్టుకుపోయాడు. యూదా రాజుకూ అతని ఐదుగురు కొడుకులకూ ఇచ్చిన నూనె లెక్క రాసిన మట్టిపలకలు బబులోను తవ్వకాల్లో దొరికాయి. అతను దేవుని కుడిచేతి ముద్ర ఉంగరమైనా ఊడబెరికేస్తాననీ, అతని సంతానంలో ఎవడూ దావీదు సింహాసనం మీద కూర్చోడనీ యిర్మీయా 22 చెబుతుంది. కానీ హగ్గయి 2:23లో దేవుడు అతని మనవడు జెరుబ్బాబెలుతో నిన్ను ముద్ర ఉంగరంగా చేస్తానంటాడు. తీసేసిన ఉంగరం మళ్లీ వేలికెక్కింది. లూకా నాతాను దారిలో వెళ్లి ఈ శాపాన్ని తప్పించాడని కొందరంటారు గానీ, షయల్తీయేలు, జెరుబ్బాబెలు పేర్లు ఆ పట్టీలోనూ ఉన్నాయి.

లూకా మేలైన చోటు లేదని కాదు. అబ్రాహాము సంతానం కానివాళ్లకు, అంటే మనకు, ఆదాము దాకా వెళ్లే పట్టీ ఇల్లు చూపిస్తుంది. ఇశ్రాయేలు రాజుతో మాకేం సంబంధం అని అడిగే పొరుగువారికి నేను అదే చదివి వినిపిస్తాను.

కానీ రాజరికం చేతులు మారిన తీరు మత్తయి 1:16లోనే కనిపిస్తుంది. అబ్రాహాము నుంచి వరసగా 'కనెను, కనెను' అంటూ వచ్చి, యోసేపు దగ్గర ఆ మాట ఆగిపోతుంది. యోసేపు యేసును కన్నాడని రాయలేదు, మరియయందు యేసు పుట్టాడని రాశాడు. మరి దావీదు హక్కు ఎలా వచ్చింది? 25వ వచనంలో యోసేపు ఆ బిడ్డకు పేరు పెట్టాడు. దూత చెప్పినట్టే తన ఇంటి బిడ్డగా స్వీకరించాడు. అందుకే రోమా 8:15లో 'దత్తపుత్రాత్మ' అనే మాట చదివినప్పుడల్లా, పసివాణ్ణి చేతుల్లోకి తీసుకొని పేరు పెడుతున్న ఆ వడ్రంగే నాకు కనిపిస్తాడు.