1955 లింకన్ సెంటును ‘డబుల్డ్ డై రకం’ పేరుతో అమ్ముతున్నారు, జాగ్రత్త

అమెరికా నాణేలు సేకరించే తెలుగు మిత్రులు, ముఖ్యంగా ఇక్కడికి వచ్చాక ఈ వ్యాపకం మొదలుపెట్టినవారు, 1955 నాటి లింకన్ సెంటును ఆన్‌లైన్‌లో కొనే ముందు నాకు జరిగిన నష్టం గురించి చదవవలసిందిగా కోరుతున్నాను.

డబుల్డ్ డై అంటే నాణేలు కొట్టే అచ్చు (డై)లోనే జంట ముద్ర పడడం వల్ల అంకెలు, అక్షరాలు రెండేసిగా వచ్చిన నాణెం. రెండు నెలల క్రితం ఒక అమ్మకందారు ‘1955 డబుల్డ్ డై రకం’ అని పెట్టిన ప్రకటన చూసి 280 డాలర్లు చెల్లించాను. ఫోటోలో సంవత్సరపు చివరి అంకె ఒక్కటే దగ్గరగా కనిపించింది. ఆ 5 పక్కన నీడలాగా మరో 5 ఉంది. అసలు నాణెం చేతులు మారి అరిగినదైనా వెయ్యి డాలర్లకు పైనే పలుకుతుందని తెలిసి కూడా, అమ్మేవాడికి దాని విలువ తెలియదేమోనని ఆశపడ్డాను.

చేతికి వచ్చినది సేకర్తలు ‘పేదవాడి డబుల్డ్ డై’ అని వేళాకోళంగా పిలిచే నాణెం. డై వాడగా వాడగా అరిగిపోయి, అంకె అంచు జారినట్లు ఏర్పడిన జాడ తప్ప అందులో వేరే విశేషమేమీ లేదు. దాని ధర కొద్ది డాలర్లే.

అసలైన జంట ముద్ర, డైని తయారు చేసేటప్పుడే పుడుతుంది. ఆ రోజుల్లో హబ్ అనే మూల అచ్చును డైపై ఒకసారికి మించి నొక్కేవారు. రెండోసారి నొక్కేటప్పుడు అది కాస్త తిరిగి ఉంటే రెండు ముద్రలూ డైలోనే నిలిచిపోయి, దానితో కొట్టిన ప్రతి నాణెంపైనా అదే చోట కనిపిస్తాయి. 1955లో ఫిలడెల్ఫియా టంకశాలలో జరిగినది ఇదే. అలాంటివి 20,000 నుంచి 24,000 వరకు బయటికి వచ్చాయని అంచనా; కొన్ని సిగరెట్ పెట్టెల్లో చిల్లరగా కూడా జనం చేతికి చేరాయి.

అందువల్ల అసలైన దానిలో నాలుగు అంకెలతో పాటు లిబర్టీ, ఇన్ గాడ్ వి ట్రస్ట్ అన్న అక్షరాలు కూడా భూతద్దం అక్కర లేకుండానే రెండేసిగా కనిపిస్తాయి, లింకన్ ముఖం మాత్రం దాదాపు మామూలుగానే ఉంటుంది. వెనుక వైపు ‘సెంట్’ మాటలోని టీ అక్షరపు ఎడమ కొమ్ము కింద సన్నని నిలువు గీతలు ఉన్నాయేమో తప్పక చూడండి. నకిలీలను పట్టించడంలో ఈ గుర్తుకు పేరుంది. ఇతర సంవత్సరాల నాణేలలో, కొట్టే క్షణాన డై కదలడం వల్ల వచ్చిన జాడను కూడా ‘డబుల్డ్ డై’ పేరుతోనే అమ్ముతుంటారు. ఆ జాడ మెట్టులా చదునుగా ఉండి అక్షరాన్ని సన్నగా చేస్తుంది. అసలైన జంట ముద్రలో అక్షరం వెడల్పై, గుండ్రంగా ఉబ్బి, కొసల్లో చీలినట్లు ఉంటుంది.

పీసీజీఎస్ లేదా ఎన్జీసీ సంస్థ ధ్రువీకరించి పెట్టెలో సీలు చేసిన నాణేన్నే కొనండి. ఆ పెట్టెలకు కూడా నకిలీలు వస్తున్నాయి కనుక, దానిపై ఉన్న సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వెతికి, ఫోటో ఉంటే నాణెంతో పోల్చుకోండి.

నేను చేసిన మరో పొరపాటు, భూతద్దం కింద చూద్దామన్న తొందరలో ప్లాస్టిక్ కవరును చింపడం. వాపసు గడువు ఇంకా 10 రోజులున్నా, కవరు చిరిగిందన్న కారణం చూపి అమ్మకందారు డబ్బు తిరిగి ఇవ్వలేదు. పైగా తాను ‘రకం’ అని, అంటే అలాంటిది అని మాత్రమే రాశానని, అసలైనదని అనలేదని జవాబిచ్చాడు. పోయిన వారం నా నాణెం ఫోటోతోనే, 310 డాలర్లకు, అదే ప్రకటనను మళ్లీ పెట్టాడు.