"2 టన్నులు మోస్తుంది" అన్నారని బోరు స్టాండు కొన్నాను, మీరు కొనకండి

బోరు మోటారు లేపడానికి ఆన్‌లైన్‌లో మూడు కాళ్ళ స్టాండు చూస్తున్నవాళ్ళు డబ్బు కట్టేముందు కాస్త ఆగండి. పాదాలకు గొలుసు ఉండదు, కాళ్ళు ఎంత వెడల్పున పెట్టాలో ఎక్కడా రాసి ఉండదు, పెద్ద అక్షరాలతో "కెపాసిటీ 2 టన్నులు" అనే స్టిక్కర్ మాత్రం ఉంటుంది. నేను 11,800 పోసి అదే కొన్నాను. మొదటి పైపు బయటికి రాకముందే కాలు జారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది మా అదృష్టమే గానీ స్టాండు గొప్పతనం కాదు.

మాది అనంతపురం జిల్లా. చేనులో బోరు, 300 అడుగుల్లో మోటారు. 20 అడుగుల జీఐ పైపులు (జింకు పూత వేసిన ఇనుప పైపులు) 15, రెండంగుళాలవి. మోటారు కాలిన ప్రతిసారీ లేపే బండివాళ్ళకి ఫోన్ చేయడం, "రేపొస్తాం అన్నా" అని వాళ్ళు చెప్పడం, ఈలోపు పైరు వాడిపోవడం, ఇదంతా చూసి చూసి విసుగొచ్చి సొంతంగా ఒక స్టాండు, చైన్ బ్లాకు (గొలుసు లాగి బరువు లేపే కప్పీ) ఉంటే మెకానిక్ మామ, మా చిన్నాయన కొడుకు, నేను కలిసి లేపేసుకోవచ్చు కదా అనుకున్నా. నాయన వద్దన్నాడు. వినలేదు.

బరువు ముందే లెక్కేసుకున్నా. రెండంగుళాల జీఐ పైపు మీటరుకు 5 కిలోల పైచిలుకు, మొత్తం 460 చిల్లర. నీళ్ళని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు ఉంది కాబట్టి పైపుల్లో నీళ్ళు నిలిచే ఉంటాయి, అవొక 200 కిలోలు (చాలామంది ఈ నీళ్ళ సంగతే మర్చిపోతారు). పంపూ మోటారూ కలిపి 55. అంతా 720 కిలోలు అనుకోండి. 2 టన్నుల స్టాండుకి ఇదొక లెక్కా అనిపిస్తుంది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన నాకూ అలాగే అనిపించింది, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నా.

కాళ్ళు ఒక్కోటి 13 అడుగులు. బోరు పక్కనే స్టార్టర్ డబ్బా దిమ్మె ఉండటంతో మూడు కాళ్ళూ సమానంగా పెట్టే చోటు లేదు. రెండు కాళ్ళు ఒకవైపు 6 అడుగుల ఎడంలో పెట్టి, మూడోది ఒంటరిగా కాలవ వైపు పెట్టాం. ఆ వైపు నేల తడి. అయినా పాదం కింద ఇనుప పలక ఉంది కదా, దిగబడదులే అనుకున్నాం. దిగబడలేదు నిజమే, జారింది. చైన్ లాగుతుంటే పైపు రెండడుగులు లేచింది, అంతలో ఆ ఒంటి కాలు బురద మీద సర్రుమని బయటికి పోయింది, మూడు కాళ్ళూ కలిసే స్టాండు తల ఒక్కసారిగా కిందికొచ్చింది. పైపుకి క్లాంపు బిగించి ఉంచడం మామకున్న పాత అలవాటు, ఆ క్లాంపు వచ్చి కేసింగ్ (బోరు మూతి దగ్గరి గొట్టం) మీద ఠంగున కూర్చుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే 15 పైపులూ మోటారూ బోరు అడుగుకి పోయేవి. మామ పక్కకి దూకేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, బీడీ వెలిగించుకుని స్టాండు వైపే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం అమ్మినవాడికి ఫోన్ చేశా. అసలు 2 టన్నులు అన్న లెక్క ఎలా వేశారండీ అనడిగితే, "ఒక్కో కాలు 700 కిలోలు ఆగుతుంది సార్, మూడు కాళ్ళు 2100, మేమే కొంచెం తగ్గించి 2 టన్నులని రాశాం" అన్నాడు. ఏదో ఉపకారం చేసినట్టు!

తప్పంతా ఇక్కడే ఉంది. కాలు మోసే బలానికి దిశ ఉంటుంది, అది కాలు వాలిన వైపే పోతుంది, నిట్టనిలువుగా పోదు. మూడు దిశల్లో ఉన్న మూడు బలాలను సంచుల బరువుల్లా కూడేయడం కుదరదు. ఇంటర్‌లో సదిశలు అని, బీటెక్ ఫస్టియర్ మెకానిక్స్‌లో వెక్టర్లు అని మార్కుల కోసం బట్టీ కొట్టిన పాఠమే ఇది. ఆ రాత్రి స్టాండు బిల్లు వెనక మళ్ళీ వేశా. (బలాన్ని న్యూటన్లలో రాయకపోతే మా సార్ కోప్పడేవారు. ఇక్కడ మన భాషలో కిలోలే.)

కేసింగ్‌ని మధ్య బిందువు అనుకోండి. బ్రాకెట్లలో మొదటి అంకె ముందువెనకలు, రెండోది పక్కలు, మూడోది ఎత్తు, అన్నీ అడుగుల్లోనే. పాదాలు అన్నీ దానికి 5 అడుగుల దూరంలోనే ఉన్నాయి: (4, 3, 0), (4, −3, 0), ఒంటి కాలు (−5, 0, 0). తల 12 అడుగుల ఎత్తులో, (0, 0, 12). పాదం నుంచి తలకి వెక్టర్లు (−4, −3, 12), (−4, 3, 12), (5, 0, 12). దేని పొడవు చూసినా 13, మన కాలు పొడవే. తల కదలకుండా ఉండాలంటే మూడు దిశల్లోనూ విడివిడిగా మొత్తం సున్నా కావాలి. రెండో అంకెల్లో −3, 3 ఉన్నాయి కాబట్టి జంట కాళ్ళు రెండింటికీ వంతు (కాలు పొడవులో ఒక్కో అడుగుకి ఇన్ని కిలోలు అన్న లెక్క) సమానం. మొదటి అంకెల్లో చూస్తే నాలుగూ నాలుగూ ఎనిమిది ఒకవైపు, ఐదు ఇంకోవైపు. అంటే ఒంటి కాలు వంతు జంటలో ఒక్కోదానికి 1.6 రెట్లు. నిలువు దిశలో 12 × (1 + 1 + 1.6) × వంతు = 720, కాబట్టి వంతు 16.67. దాన్ని 13తో గుణిస్తే జంట కాళ్ళ మీద చెరో 217 కిలోలు, ఒంటి కాలు మీద 347. సమానంగా పెట్టి ఉంటే తలా 260 పడేది.

347 అంటే 700 లోపే కదా, మరెందుకు పడింది? కాలు విరగలేదు, జారింది కాబట్టి. ఆ 347లో నేలని కిందికి నొక్కేది 320, బయటికి తోసేది 133. తోపుకీ నొక్కుడుకీ నిష్పత్తి 5/12, అంటే 0.42. నేలకీ పలకకీ మధ్య రాపిడి గుణకం (పలకని నేల ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె) అంతకంటే తక్కువైతే జారక తప్పదు. గమనించారా, ఇందులో బరువు లేనే లేదు! 720 కిలోలైనా 72 కిలోలైనా అదే నిష్పత్తి. తడి మట్టి మీద నున్నటి ఇనుప పలక పెట్టి 2 టన్నుల స్టిక్కర్ వేస్తే ఏం లాభం?

ఇంకో దారుణం, ఇది జారడం మొదలైతే మధ్యలో ఆగదు. కాళ్ళు సమానంగా ఉన్నాయనే అనుకుందాం. పాదాలు 5 అడుగుల దూరంలో ఉంటే ఒక్కో పాదం బయటికి తోసేది 100 కిలోలు. 8 అడుగులకి పోతే 187. 12 అడుగులకి పోతే తల 5 అడుగుల ఎత్తుకి దిగిపోతుంది, తోపు 576, ఒక్కో కాలు మీద 624. ఆ స్థితిలో వాడి 700 కిలోల కాళ్ళు మోయగలిగేది మొత్తం కలిపి 808 కిలోలు. మొదటి 5 అడుగుల దగ్గర మాత్రం 1938 వస్తుంది, అక్కడ వాడి స్టిక్కర్ దాదాపు నిజమే, అన్యాయంగా అనకూడదు. కానీ ఆ 5 అడుగులు అన్న ముక్క ఎక్కడా రాయలేదు, పైగా వాళ్ళ వీడియోలో "మీ వీలుని బట్టి కాళ్ళు ఎంతైనా చాపుకోవచ్చు" అని చెప్తున్నాడు.

నిజానికి మూడు పాదాలనూ కలుపుతూ గొలుసు కట్టి ఉంటే ఈ గొడవే లేదు. సమానంగా పెట్టినప్పుడు పాదం దగ్గరి 100 కిలోల తోపుని రెండు గొలుసులు పంచుకుంటాయి, ఒక్కోదాని మీద పడేది 58 కిలోలు. పశువుని కట్టే గొలుసు చాలు దానికి. ఆ నాలుగు వందల గొలుసు మిగుల్చుకోవడానికి మనుషుల ప్రాణాల మీదికి తెచ్చారు.

అదే వీడియోలో తల మీది కప్పీ నుంచి తాడు తీసి ట్రాక్టర్‌తో లాగడం కూడా చూపిస్తున్నారు. దయచేసి అది మాత్రం చేయకండి. కాళ్ళు 5 అడుగుల దూరంలో సమానంగానే పెట్టి, ట్రాక్టర్ 16 అడుగుల దూరంలో ఉందనుకుందాం, తాడు 12 అడుగుల ఎత్తు నుంచి ఏటవాలుగా నేల దాకా వస్తుంది. అప్పుడు తల మీద 720 కిందికి ఉండటమే కాదు, తాడు లాగే ఇంకో 720 కూడా ఉంటుంది. అది పక్కకి 576, కిందికి 432. లెక్క కడితే ట్రాక్టర్ వైపున్న రెండు కాళ్ళ మీద చెరో 915 కిలోలు వస్తుంది, 700 ఎప్పుడో దాటిపోయింది. వెనక కాలుకి వచ్చే జవాబు −582. ఆ మైనస్ ఏమిటంటే కాలు ఇంక మోయడం లేదు, దాన్ని నేలకి పట్టి ఉంచాలి. పట్టి ఉంచేది ఏదీ లేదు కాబట్టి అది గాల్లోకి లేస్తుంది, స్టాండు ట్రాక్టర్ మీదికి తిరగబడుతుంది. నడిపేవాడు అక్కడే ఉంటాడు.

ఇదంతా ఫోటోతో సహా అమ్మినవాడికి పంపా. "మీరు నేల చూసుకోవాలి సార్, ప్రొడక్ట్‌లో లోపం లేదు" అని జవాబు. వాపసు అడిగితే వాడిన సరుకు తీసుకోరట. రివ్యూ రాస్తే రెండు రోజులకి కనపడకుండా పోయింది. 1915కి, అదే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు చేశా, నంబర్ ఇచ్చారు, చూడాలి.

మీరెవరైనా ఎక్కడ కొన్నా సరే, పాదాల మధ్య ఎన్ని అడుగులు ఉన్నప్పుడు ఈ కెపాసిటీ అని అడగండి, రాతపూర్వకంగా ఇవ్వమనండి. "ఎంతైనా పర్లేదు" అన్నాడంటే లెక్క రానివాడే, ఫోన్ పెట్టేయండి. గొలుసు స్టాండుతోనే రావాలి, పాదానికి నున్నటి పలక కాకుండా నేలలో దిగే ముల్లు ఉండాలి. ఇప్పటికే కొన్నవాళ్ళు ఉంటే ఇవాళే గొలుసు కట్టుకోండి, ఏ రెండు పాదాల మధ్య చూసినా ఒకే దూరం వచ్చేలా పెట్టుకోండి.

మోటారు చివరికి బండివాళ్ళే వచ్చి తీశారు. స్టాండు పాక వెనక పడి ఉంది. పక్క చేను ఆయన మొన్న వచ్చి బాడుగకి ఇస్తావా అని అడిగితే నాయన నా వైపు చూపించి "వాడి లెక్క వినిపోండి ముందు" అన్నాడట.