మౌంట్ హుడ్ అడవిలో క్రిస్మస్ చెట్టు కోసం రెండు రోజులు

మా చిన్నతనంలో చీరాలలో క్రిస్మస్ చెట్టంటే సముద్రపు ఒడ్డునున్న సరుగుడు తోటల నుంచి నాన్నగారు సైకిలుకు కట్టి తెచ్చిన కొమ్మే. ఇసుక నింపిన బకెట్టులో దాన్ని నిలబెట్టి రంగు కాగితాలు అతికించేవాళ్ళం. ఇప్పుడు మేముంటున్నది ఆరెగన్ రాష్ట్రంలోని బీవర్టన్‌లో. అమెరికాలో క్రిస్మస్ చెట్లను అన్నిటికంటే ఎక్కువగా పండించే రాష్ట్రం ఇదే. అమ్మా నాన్నగారూ మా దగ్గరే ఉన్న డిసెంబరు కాబట్టి, చెట్టును తోటలో కాకుండా మౌంట్ హుడ్ పర్వతం చుట్టూ ఉన్న అడవిలోనే కొట్టి తెచ్చుకుందామని బయలుదేరాం.

అంతకుముందు ఏడాది వెళ్ళింది తోటకే. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఎవరి చెట్టు వారే కొట్టుకునే తోటలు చాలా ఉన్నాయి. రంపం వాళ్ళే ఇస్తారు, కొట్టిన చెట్టును యంత్రం మీద కుదిపి ఎండుటాకులు రాలుస్తారు, వలలో బిగించి కారు మీదికి ఎక్కిస్తారు. చెట్లు ఏటా కత్తిరింపుతో పెరిగినవి కాబట్టి దీపస్తంభాల్లా తీరుగా ఉంటాయి. అయితే మేము వెళ్ళిన తోటలో బోర్డు మీద అడుగుల లెక్కన ఒక ధర రాసి, డబ్బు కట్టే చోట నోబుల్ ఫర్ అనే సూదిమొన ఆకుల చెట్టు రకానికి వేరే ధర అన్నారు. చేతిలో కొట్టిన చెట్టు పెట్టుకుని బేరమాడేదేముంది! ఏడడుగుల చెట్టుకు 85 డాలర్లు కట్టి వచ్చాం.

అడవి చెట్టుకు అనుమతి ధర 5 డాలర్లు. అటవీ శాఖ అనుమతులను రిక్రియేషన్ డాట్ గవ్ అనే వెబ్‌సైటులో అమ్ముతుంది, దానిమీద రెండున్నర డాలర్ల సేవా రుసుము ఉంటుంది. మా అమ్మాయి నాలుగో తరగతి కావడం కలిసివచ్చింది. ఆ తరగతి పిల్లలకిచ్చే ఉచిత పాస్ ఉంటే అనుమతికి డబ్బు తీసుకోరు, సేవా రుసుము మాత్రం కట్టాలి. చెట్టు పన్నెండడుగులు మించకూడదు, పెద్ద చెట్టు కొనను మాత్రం నరుక్కుపోకూడదు, మొదలు నేలకు దగ్గరగా కోయాలి, చెట్లు ఒత్తుగా ఉన్నచోటే కొట్టాలి. ఈ చివరి నియమం చదివి వినిపించగానే నాన్నగారు, "సరుగుడు తోటలోనూ అంతేగా, పలచన చేస్తేనే మిగిలినవి లావెక్కుతాయి" అన్నారు. అంతవరకు అడవిలో చెట్టు కొట్టడం తప్పేమోనని సందేహిస్తున్న అమ్మ కూడా ఆ మాటతో ఊరుకుంది.

26వ నంబరు రహదారిలో శాండీ దాటాక మంచు మొదలయింది. టైర్ల గొలుసులు కారులో ఉండి తీరాలి. ప్రధాన రహదారి పక్కన కొట్టనివ్వరు కాబట్టి అడవి దారిలోకి మళ్ళి, మంచులో నలభై నిమిషాలు నడిచాం. అక్కడ ఫోను పనిచేయలేదు, మరుగుదొడ్డి లేదు, సాయానికి మనిషి లేడు. అమ్మ మోకాళ్ళ నొప్పితో కారులోనే ఉండిపోయింది, ఇది మేము ముందే ఆలోచించాల్సిన సంగతి. దొరికిన నోబుల్ ఫర్ ఒకవైపు బోడిగా ఉంది, కానీ కొమ్మలు అంతస్తులుగా, గట్టిగా ఉండడం వల్ల బరువైన బొమ్మలు వేలాడదీయడానికి దీనికి మించినది లేదు. మా ఇంటి రంపం మొండిది కావడంతో కోతకు పావుగంట పట్టింది. అనుమతి కాగితం చెట్టుకు కట్టి, టార్పాలిన్ పట్టాలో చుట్టి, పురికొసతో కారు మీద బిగించాం.

రాత్రికి గవర్నమెంట్ క్యాంప్ ఊళ్ళో అద్దెకు తీసుకున్న చెక్క ఇల్లు మాత్రం మమ్మల్ని నిరాశపరిచింది. ఫోటోల్లో ఉన్న పొయ్యి వెలగలేదు, హీటరు ఒక్క గదికే సరిపోయింది, యజమాని మర్నాడు ఉదయం దాకా ఫోనుకు బదులివ్వలేదు. వృద్ధులతో వెళ్ళేవారు వేడి ఏర్పాటు ఎలా ఉందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది. ఆ చలి మర్నాడు కొండ మీదున్న టింబర్‌లైన్ లాడ్జ్ అనే హోటల్లో తీరింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వం పనిలేనివారికి పని కల్పించి కట్టించిన ఈ భవనాన్ని 1937లో అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అంకితం చేశారు. అక్కడి ఆరు పలకల రాతి పొగగొట్టం చుట్టూ కూర్చుని వేడి చాక్లెట్ తాగడానికి గది అద్దెకు తీసుకోనక్కరలేదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ కారు నిలపాలంటే స్నో పార్క్ అనుమతి విడిగా కొనాలి.

పెట్రోలు, గది అద్దె కలిపి చూస్తే మా చవక చెట్టు తోట చెట్టుకు నాలుగింతలయింది. చిన్న పిల్లలతోనో నడవలేని పెద్దవాళ్ళతోనో వెళ్ళేవారికి నేను తోటనే సూచిస్తాను, ధర మాత్రం కొట్టకముందే తేల్చుకోవాలి. నడకకు వెనుకాడనివారు అడవికే వెళ్ళవచ్చు, తెల్లవారుజామున బయలుదేరితే రాత్రి బస అవసరం ఉండదు.

ఇంటికి వచ్చాక మొదలును మరో అంగుళం కోసి నీళ్ళలో పెట్టాలి, లేకపోతే కోసినచోట బంక గట్టిపడి చెట్టు నీరు పీల్చదు. మాది మొదటి రోజే దాదాపు నాలుగు లీటర్లు తాగింది. బోడి వైపును గోడకు తిప్పబోతే మా అమ్మాయి ఒప్పుకోలేదు, నక్షత్రం పట్టేది ఆ ఖాళీలోనేనట.