ఏళ్ల తరబడి వాడాక ఏబీఎస్ బ్రేకుల మీద నా మాట

చాలా ఏళ్లుగా ఒకే కారు నడుపుతున్నాను. అందులో ఏ భాగం మీద నమ్మకం ఎక్కువ అని అడిగితే ఏబీఎస్ పేరే చెబుతాను, అంటే గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు లాక్ అయిపోకుండా (తిరగడం ఆగిపోకుండా) చూసే ఏర్పాటు. మామూలు రోజుల్లో అది ఉన్నట్టే తెలియదు. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు కూడా.

బండి తక్కువ దూరంలో ఆగడం కోసమే ఏబీఎస్ అని చాలామంది అనుకుంటారు. తడి రోడ్డు మీద దూరం తగ్గే మాట నిజమే. కానీ దాని అసలు విలువ స్టీరింగ్ దగ్గర తెలుస్తుంది. చక్రం లాక్ అయి జారడం మొదలుపెడితే, మీరు స్టీరింగ్ ఎటు తిప్పినా బండి పోయేవైపే పోతుంది. ఓసారి వానలో మలుపు తిరగగానే ఎదురుగా ఆగి ఉన్న లారీ కనిపించింది. బ్రేక్ మీద పూర్తి బలంతో నొక్కాను. పెడల్ అరికాలిని టకటకా వెనక్కి తన్నింది, ముందు నుంచి గరగరమని చప్పుడు వచ్చింది. ఆ స్థితిలోనే స్టీరింగ్ పక్కకు తిప్పితే బండి తిరిగింది. ఏబీఎస్ లేకపోతే నేరుగా లారీ వెనక్కే వెళ్లేవాణ్ణి.

ఆ తన్నుడు తెలియనివాళ్లు బ్రేక్ ఏదో పాడైందని భయపడి కాలు తీసేస్తారు. తీయకూడదు. పాత బళ్లలో లాగా నొక్కి వదులుతూ ఉండకూడదు కూడా. ఆ పని సెకనుకు పదిసార్లకు పైగా అదే చేసుకుంటుంది. మనం గట్టిగా నొక్కి పట్టి, దారి చూసుకుంటే చాలు. వదులు కంకర మీద మాత్రం ఏబీఎస్‌తో బండి ఇంకాస్త ఎక్కువ దూరం పోతుంది, ఎందుకంటే లాక్ అయిన చక్రం కంకరను ముందుకు పోగుచేసి ఆగుతుంది, తిరుగుతున్న చక్రానికి ఆ అడ్డు దొరకదు. అలాంటి చోట నేను ముందే వేగం తగ్గిస్తాను.

1978లో బాష్ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చినప్పటి నుంచీ మూలసూత్రం పెద్దగా మారలేదు. చక్రాల దగ్గర సెన్సర్లు ఉంటాయి. పక్కనే తిరిగే పళ్ల రింగును, లేదా బేరింగ్ సీలులోని అయస్కాంత పట్టీని చూసి అవి వేగం చెబుతాయి. ఒక చక్రం వేగం ఉన్నట్టుండి పడిపోతే, అది లాక్ కాబోతోందని కంప్యూటర్‌కు తెలుస్తుంది. వాల్వులు ఆ చక్రానికి వెళ్లే ఒత్తిడిని ఆపి, కొంచెం వదిలి, మళ్లీ ఇస్తాయి. వదిలిన ఆయిల్‌ను పంపు వెనక్కి తోస్తుంది. కాలికి తెలిసే తన్నుడు ఇదే.

ఇన్నేళ్లలో నన్ను బాగా విసిగించిన సమస్య ఒకటుంది. సిగ్నల్ దగ్గర బండి నెమ్మదిగా ఆగబోతుంటే, పొడి రోడ్డు మీద, మెల్లగా నొక్కినా పెడల్ తన్నేది. డాష్‌బోర్డు మీది ఏబీఎస్ హెచ్చరిక దీపం వెలిగేది కాదు. ఒక మెకానిక్ చూసి, వాల్వులు, పంపు, కంప్యూటర్ ఉండే ఏబీఎస్ యూనిట్ మొత్తం మార్చాలన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఏబీఎస్ కూడా చదవగలిగే స్కానర్ పెట్టి, నాలుగు చక్రాల వేగం స్క్రీన్ మీద చూస్తూ మెల్లగా నడిపించాం. మూడు అంకెలు కలిసి దిగుతుంటే, ముందు ఎడమ చక్రం అంకె మాత్రం గెంతుతోంది. చక్రం విప్పి చూస్తే, డ్రైవ్ షాఫ్ట్ మీది రింగు కింద తుప్పు ఉబ్బి, రింగు ఒకచోట చీలింది. ఆ చీలిక సెన్సర్ ముందు నుంచి పోయిన ప్రతిసారీ లెక్క తప్పేది. రింగు మార్చాక మళ్లీ ఆ బాధ లేదు. అందుకే నా సలహా ఒకటే: ఖరీదైన యూనిట్ జోలికి వెళ్లేముందు సెన్సర్, దాని వైరు, రింగు, ఫ్యూజ్, బ్యాటరీ వోల్టేజ్ చూడమనండి. ఇంజిన్ కోడ్‌లు మాత్రమే చదివే చిన్న స్కానర్ ఈ పనికి రాదు.

బేరింగ్ మార్చేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. అయస్కాంత పట్టీ ఉన్న వైపు సెన్సర్ వైపుకే రావాలి. తిరగేసి బిగిస్తే దీపం వెలుగుతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది.

బ్రేక్ ఆయిల్ గురించి జనానికి అశ్రద్ధ ఎక్కువ, నాకు పట్టింపు ఎక్కువ. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తలో కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. లోపలి సన్నని వాల్వులకు తుప్పు పట్టించేదీ ఆ తేమే. రెండేళ్లకోసారి మారుస్తాను. సిలికాన్‌తో చేసే డాట్ 5 ఏబీఎస్ ఉన్న బండికి పనికిరాదు. నాలుగు టైర్లు కంపెనీ చెప్పిన సైజులోనే ఉండాలి, లేకపోతే వేగాల లెక్క కలవదు.

పసుపు ఏబీఎస్ దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, జాగ్రత్తగా వర్క్‌షాప్‌కు వెళ్లొచ్చు. ఎర్ర బ్రేక్ దీపం కూడా తోడైతే బండి పక్కకు ఆపేయాలి. ఆయిల్ తగ్గి ఉండొచ్చు, లేదా వెనక చక్రాల బ్రేకును అదుపు చేసే ఈబీడీ కూడా పోయి ఉండొచ్చు. పాత కారు కొనేవాళ్లు ఇగ్నిషన్ ఆన్ చేసి ఆ పసుపు దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరుతోందో లేదో చూడండి. అసలు వెలగకపోతే, లోపం కనబడకుండా ఎవరో బల్బు తీసేశారేమో అడగండి.