మెయిల్ హోస్టింగ్: ఫోన్ ఎత్తుతరు గని అప్‌డేట్ చెయ్యరు (ఐదుకు రెండు చుక్కలు)

వరంగల్ కొత్తవాడల మాది దర్రీలు, అంటే నేసిన జంపఖానాల పని, తాత కాలం నుంచి. 2018ల వరంగల్ దర్రీలకు జీఐ గుర్తింపు (ఈ సరుకు ఈ ఊరిదే అనే సర్కారు ముద్ర) వచ్చినంక బయటి రాష్ట్రాల పార్టీలు అడుగుడు పెరిగింది. ఊరికే జీమెయిల్ ఇస్తే నమ్ముతలేరని హన్మకొండల ఒక షాపుల మా దుకాణం పేరు మీద డొమైన్, ఐదు మెయిల్ ఐడీలు తీసుకున్న. ఏడాదికి 2,400. షాపు పేరు రాయను, ఆ పిలగాండ్ల పొట్ట కొట్టుడు నా పని కాదు.

మంచి ముందు చెప్త. రెండేండ్లల మెయిల్ ఆగింది ఒక్కసారే, అది కూడ గంటసేపు. ఫోన్ చేస్తే ఎత్తుతరు, తెలుగుల మాట్లాడతరు. ఒకసారి మా అబ్బాయి పాస్‌వర్డ్ మర్చిపోతే బండేసుకొని ఇంటికే వచ్చిండ్రు, చాయ్ తాగి పోయిండ్రు. పెద్ద కంపెనీల దగ్గర ఇది దొరకదు.

ఇగ అసలు సంగతి. మొన్న ఎండాకాలంల జైపూర్ నుంచి అన్నట్టు ఒక మెయిల్ వచ్చింది. నాలుగు బై ఆరు సైజు దర్రీలు రెండు వందలు కావాలె, రేటు చెప్పుండ్రి అని. తెరిచి చదివిన, జవాబు గూడ రాసిన. లింక్ లేదు, ఫైల్ లేదు. పది దినాలైనంక కోయంబత్తూరు సేటు ఫోన్ చేసి, "బ్యాంకు ఖాతా మార్చిండ్రా?" అని అడిగిండు. మా బిల్లు నంబర్‌తోని, మా మాట తీరుతోనే ఇంకొకని ఖాతా నంబర్ పోయింది ఆయనకు. దేవుడు సల్లగ చూసిండు, పైసలు పంపకముందే అడిగిండు.

షాపోళ్లకు చెప్తే ఒక్కటే మాట: "అన్నా, మీరే ఏదో లింక్ నొక్కి ఉంటరు, పాస్‌వర్డ్ మార్చుండ్రి." మార్చిన. వారం తర్వాత మళ్ల అదే కథ.

కాజీపేటల ఉండే మా మేనల్లుడు కంప్యూటర్ చదువుతున్నడు. వాడు వచ్చి మెయిల్ సెట్టింగ్‌లల ఫిల్టర్ల పేజీ తెరిచిండు. మాకు వచ్చే ప్రతి మెయిల్ నకలు ఇంకో ఐడీకి పంపమని అండ్ల ఒక రూల్ ఉన్నది. నేను పెట్టలె. ఆ రూల్ సర్వర్‌ల కూసుంటది, పాస్‌వర్డ్ వందసార్లు మార్చినా కదలదు.

అది ఎట్ల వచ్చిందో వాడే చూపిండు. తన ఐడీ నుంచి నాకు ఒక మెయిల్ పంపి, "తెరువు మామా" అన్నడు. తెరవంగనే తెర నడుమ చిన్న డబ్బా లేసింది, అండ్ల "మామా" అని రాసి ఉన్నది. నేనేం నొక్కలె! మెయిల్ లోపల ఒక బొమ్మ పెట్టిండట, ఆ బొమ్మ ఉండనే ఉండదు. బొమ్మ దొరకకపోతే ఏం చెయ్యాల్నో చెప్పే తావుల స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, రాసిండు. వెబ్‌మెయిల్, అంటే బ్రౌజర్‌ల మనకు మెయిల్ చూపించే సాఫ్ట్‌వేర్, ఇసువంటియి ముందే ఏరి పారెయ్యాలె. మనం నూలుల ముడి ఏరినట్టు. ఇక్కడ ఏరలె. ఆ స్క్రిప్ట్ మన లాగిన్ లోపలనే నడుస్తది గనక మనం చేసే పనులన్నీ అది చేస్తది, పాస్‌వర్డ్‌తోని దానికి పనే లేదు. పైంగ ఆ మెయిల్ ఇన్‌బాక్స్‌లనే ఉంటది, తెరిచినప్పుడల్ల మళ్ల నడుస్తది. లెక్క చూసుకునేటందుకు ఆ జైపూర్ మెయిల్ నేను ఎన్నిసార్లు తెరిచిన్నో!

ఇది కొత్త రోగం కాదట. 2006 జూన్‌ల యాహూ మెయిల్‌లనే యమానర్ అనే పురుగు ఇట్లనే, మెయిల్ తెరిస్తే చాలు, అడ్రస్ పుస్తకంల ఉన్నోళ్లకు పాకింది. 2023 అక్టోబర్‌ల రౌండ్‌క్యూబ్ అనే వెబ్‌మెయిల్‌ల ఇసువంటి కంతనే పట్టుకొని వింటర్ వైవర్న్ అనే ముఠా యూరప్ సర్కారు ఆఫీసుల మెయిళ్ల మీద పడ్డది. ఈసెట్ అనే కంప్యూటర్ భద్రత కంపెనీ కనిపెట్టి చెప్పినంక వారం తిరగకముందే రౌండ్‌క్యూబోళ్లు కంత పూడ్చి కొత్త వెర్షన్ ఇచ్చిండ్రు. అంటే చేసేటోళ్లు జల్దీనే చేస్తున్నరు, అది తెచ్చి ఎక్కించేటోడే లేడు. మా షాపోళ్లు పెట్టిన వెబ్‌మెయిల్ వేరేది, దాని వెర్షన్ నంబర్ చూస్తే మాకు కనెక్షన్ ఇచ్చిన నాటిదే. రెండేండ్లు ముట్టలె.

కంత ఉన్నందుకు చుక్కలు కోస్తలేను, ఎవరి సాఫ్ట్‌వేర్‌లనైనా ఉంటది. "మీరే నొక్కిండ్రు" అన్నందుకు కోసిన. మా ఆవిడ గూడ నెల దినాలు నన్నే అనుమానంగ చూసింది.

రూల్ తీసేసినం, ఆ మెయిల్‌ను తెరవకుండనే తుడిచినం, పార్టీలకు ఒక్కొక్కరికి ఫోన్ చేసి ఖాతా నంబర్ నోటితోని చెప్పిన. ఇప్పుడు మెయిళ్లు ఫోన్ యాప్‌ల ఉట్టి అక్షరాలుగనే చదువుతున్న.

నిన్న రెన్యువల్ కోసం ఫోన్ వచ్చింది. "వెర్షన్ ఎంత తమ్మీ?" అని అడిగిన. "సార్‌ను అడిగి చెప్త అన్నా" అన్నడు. ఇంకా చెప్పలె.