గెలాక్సీ నడిబొడ్డు మేఘాలు: సీవో మేలా, హెచ్‌సీఎన్ మేలా?

జులైలో రాత్రి పది దాటాక, మబ్బు పట్టకపోతే, వైజాగ్ నుంచి దక్షిణాన సగం ఎత్తులో ధనూరాశి కనిపిస్తుంది. పాలపుంత నడిబొడ్డు అటే, 26,000 కాంతి సంవత్సరాల దూరంలో. అక్కడి గ్యాస్ మేఘాల్లో ఉన్నది చాలావరకు హైడ్రోజనే. కానీ చల్లటి హైడ్రోజన్ అణువు రేడియో తరంగాల్లో నోరు విప్పదు. అందుకే దాని గురించి వేరే అణువుల్ని అడగాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఈ మేఘాల్ని ఎంచుకుంటే, ఏ అణువుని అడగాలన్నదే ప్రశ్న. వాటి సిగ్నల్ మిల్లీమీటరు తరంగాల్లో వస్తుంది. మన సముద్రతీరపు తేమలో ఆ తరంగాలు నీరసించిపోతాయి కాబట్టి, చిలీలో 5,000 మీటర్ల ఎత్తునున్న అల్మా రేడియో టెలిస్కోప్ పాత డేటా దించుకోవడమే దారి. అది ఉచితమే.

అందరూ ముందు పట్టుకునేది కార్బన్ మోనాక్సైడ్ (సీవో), 115 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర. సిగ్నల్ బలంగా వస్తుంది, పలచటి గ్యాస్‌నూ చూపిస్తుంది. నడిబొడ్డు దగ్గర వచ్చే చిక్కూ అదే. చందనోత్సవం రోజు సింహాచలం క్యూని బయటి నుంచి చూస్తే ముందు వరసే కనబడ్డట్టు, సీవోలో మేఘం పైపొరే కనబడుతుంది. పైగా దారిలోని సర్పిల భుజాల గ్యాస్ కూడా అందులోనే కలిసిపోతుంది. సీవో వెలుగుని బట్టి గ్యాస్ ద్రవ్యరాశి లెక్కగట్టడానికి గెలాక్సీ డిస్క్‌కి (నడిబొడ్డు చుట్టూ ఉన్న పళ్లెంలాంటి భాగానికి) వాడే గుణకాన్ని ఇక్కడా వాడితే ద్రవ్యరాశి కొన్ని రెట్లు ఎక్కువ తేలుతుంది.

హైడ్రోజన్ సయనైడ్ (హెచ్‌సీఎన్), 88.6 గిగాహెర్ట్జ్, సాంద్రత బాగా ఉంటే తప్ప గట్టిగా వెలగదు. దారిలోని పలచటి గ్యాస్ చాలావరకు దానంతటదే వడకట్టుకుపోతుంది. (రెండూ విషాలే, అది వేరే సంగతి.)

మామూలుగా హెచ్‌సీఎన్ ఎక్కడ మెరిస్తే అక్కడ నక్షత్రాలు పుడుతున్నాయని లెక్క. నడిబొడ్డులో ఆ లెక్క చెల్లదు. అక్కడ గ్యాస్ దాదాపు అంతటా చిక్కనే, కానీ నక్షత్రాలు పుట్టే వేగం ఆ గ్యాస్‌ని బట్టి రావాల్సిన దాంట్లో సుమారు పదో వంతే. ‘ఇటుక’ అని ముద్దుపేరున్న మేఘంలో లక్ష సూర్యుళ్లంత సరుకుంది, పుట్టిన నక్షత్రాలు మాత్రం నామమాత్రం. లోపలి అల్లకల్లోలమే గ్యాస్‌ని తన బరువుకి కుప్పకూలి నక్షత్రాలు కానివ్వట్లేదని చాలామంది అంటారు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకైతే నా ఓటు హెచ్‌సీఎన్‌కే. మేఘం ఆకారం, వేగాలు దాంతో తేటగా వస్తాయి. ద్రవ్యరాశి కావాలంటే మాత్రం మామూలు సీవో వద్దు, కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్ రకం) ఉన్న సీవో తీసుకోండి. అది అరుదు గనుక లోపలిదాకా కనబడనిస్తుంది.